ఎవరి స్వేచ్ఛ? - స్వతంత్ర పార్టీ వాదంపై ఒక విచారణ

1

స్వతంత్ర పార్టీ పేరు వినగానే మన కళ్లముందు ఒక బొమ్మ నిలుస్తుంది. ఒక పక్క మాజీ మహారాజులు, ఇంకొక పక్క బొంబాయి మిల్లు యజమానులు, నడుమ నల్లకళ్లద్దాల రాజాజీ. ఆ బొమ్మ కింద "అభివృద్ధి నిరోధకులు" అని ఒక చీటీ అంటించి ముందుకు సాగిపోవడం మనకు అలవాటు. ఆ చీటీ తప్పని నేననడం లేదు. కాని చీటీ అంటించడం వేరు, వాదానికి జవాబు చెప్పడం వేరు. 1959లో పుట్టిన ఆ పార్టీ 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసి అంతరించింది. నా తరగతిలో కూర్చునే విద్యార్థుల్లో దాని పేరు విన్నవారు అరుదు. అయితే ఆ పార్టీ చేసిన వాదం అంతరించలేదు. ప్రభుత్వం అడ్డు తొలగితే ప్రతివాడూ తన శక్తికొద్దీ బాగుపడతాడనీ, ఎవరి ఆస్తి మీద వారికి సర్వాధికారం వుండటమే స్వేచ్ఛ అనీ ఆ పార్టీ పేరు తెలియని కుర్రవాళ్లు కూడా ఈనాడు సహజసత్యంలాగా పలుకుతున్నారు. పార్టీ పోయి వాదం మిగిలిందంటే, మనం ఓడించామనుకున్నది దేన్నో ఒకసారి తరచి చూసుకోవాలి.

ఇందుకు నన్ను పురికొల్పినవాడు మా కాక. మాది కంగ్టి. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో వుండేది. ఆ పైన మెదకు జిల్లాకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా అయింది. సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ వినిపించే ప్రాంతం. జొన్నలు, కందులు, పత్తి మా పంటలు. మొన్నటి చలికాలంలో మా కాక పత్తిని ట్రాక్టరుకెత్తుకొని ఒక కొనుగోలు కేంద్రానికి పోయాడు. తేమ నూటికి పన్నెండు పాళ్లు దాటిందని అక్కడ తీసుకోలేదు. గేటు బయట కాచుకొని వున్న ఒక వ్యాపారికి తక్కువ ధరకు అమ్మి వచ్చాడు. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని నాతో అన్నాడు:

"ఏం రా బిడ్డా, సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. పంట నాది, కష్టం నాది. నడుమ సర్కారుకేం పని? నా సరుకు నా ఇష్టమొచ్చినోనికి నేనమ్ముకుంటే అయిపోతది గదా!"

ఆ పూట నాకు జవాబు తోచలేదు. ఆచార్య రంగా 1959లో దేశమంతా తిరిగి చెప్పిన మాటను, ఆయన పేరెరుగని మనిషి నోట, మా అరుగు మీద వింటున్నానని మాత్రం అనిపించింది. ఆయన ఇంకొక మాట కూడా అన్నాడు. దాన్ని తర్వాత చెబుతాను. ముందు ఆ వాదం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

2

1955లో ఆవడి మహాసభలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజం తన ధ్యేయమని తీర్మానించింది. 1959 జనవరిలో నాగపూరు మహాసభ భూపరిమితినీ, ఉమ్మడి సహకార సేద్యాన్నీ కార్యక్రమంగా స్వీకరించింది. ఆ ఏడు జూన్‌లో మద్రాసులో కొత్త పార్టీ ప్రకటన వెలువడింది, ఆగస్టులో బొంబాయిలో పార్టీ సభ జరిగింది. రాజాజీ దానికి పెద్దదిక్కు, ఎన్.జి. రంగా అధ్యక్షుడు, మీనూ మసానీ కార్యనిర్వాహకుడు. కె.ఎం. మున్షీ వారికి తోడు. ఇరవైయొక్క సూత్రాల ప్రణాళిక. ఆ మూలసూత్రాలకు బయట ప్రతి సభ్యుడూ తన ఇష్టప్రకారం ఓటు వేయవచ్చునన్నది ఆ పార్టీ ప్రత్యేక నియమం.

ఇంటిపేరు ఒకటే కాని లోపల గదులు మూడు. మసానీ గదిలో వున్నది పాశ్చాత్య ఉదారవాదం: పోటీ, స్వేచ్ఛా వ్యాపారం, రాజ్యానికి హద్దు. రాజాజీ గదిలో వున్నది ధర్మం: సంపన్నుడు తన సంపదకు ధర్మకర్తగా నడుచుకోవాలి, రాజ్యం బలవంతంగా చేయబోయే పనిని ఆచారమూ అంతరాత్మా చేయాలి. రంగా గదిలో వున్నది రైతు: తన చేను తాను దున్నుకునే కుటుంబం, దాన్ని ఎవరూ కలపరాదు, ఎవరూ లాగుకోరాదు. ఈ మూడు గదుల వెనుక ఒక పెద్ద వసారా వుంది. ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశులు నడిపిన గణతంత్ర పరిషత్తు వచ్చి కలిసింది అందులోనే. జయపూరు మహారాణి గాయత్రీదేవి రాజస్థాన్‌లో ఓట్లు తెచ్చిందీ అందులోకే. సిద్ధాంతం గదుల్లో తయారైంది, ఓట్లు వసారా నుంచి వచ్చాయి.

ఆ పార్టీ 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు గెలిచింది. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962లో 19, 1967లో 29 స్థానాలు వచ్చాయి. గౌతు లచ్చన్న వంటి, జమీందార్లతో పోరాడి వచ్చిన నాయకుడు ఇక్కడ దానికి ముందు నిలిచాడు. 1971లో లోక్‌సభ స్థానాలు ఎనిమిదికి పడిపోయాయి.

మనం మరచిపోయే విషయం ఒకటి వుంది. ఈ ముగ్గురిలో ఇద్దరు మన శిబిరానికి దగ్గరివారే. మసానీ 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షుడైతే, రంగా ప్రధాన కార్యదర్శి. వీరిని పెట్టుబడిదారులు కొనేశారని చెప్పి ఊరుకుంటే సులువే. కాని ఆ సులువు మనకేమీ నేర్పదు.

3

ఇది మన దేశపు వింత కాదు. ఫ్రాన్సులో ఇదే ఇల్లు ఇదే కొలతలతో కట్టారు. 1949లో అక్కడ "ఇండిపెండెంట్ల జాతీయ కేంద్రం" అనే పేరుతో ఒక పక్షం ఏర్పడింది. రెండేళ్ల తర్వాత రైతుల పార్టీవారు వచ్చి చేరగా దాని పేరులో "రైతులు" అన్న మాట కూడా చేరింది. ఒక పక్క సమతూకపు బడ్జెటు, స్థిరమైన ఫ్రాంకు, వ్యాపార స్వేచ్ఛ కోరే ఉదారవాదులు, ఇంకొక పక్క చర్చినీ చేనునూ నమ్ముకున్న గ్రామీణ సంప్రదాయవాదులు. వారి నాయకుడు ఆంత్వాన్ పినే 1952లో ప్రధాని అయ్యాడు. 1962లో డిగాల్‌ను బలపరచడమా కాదా అన్న చోట ఆ పక్షం చీలింది. చీలికలోంచి వలేరీ జిస్కార్ దెస్తాఁ నాయకత్వాన ఇండిపెండెంటు రిపబ్లికన్లు వచ్చారు. 1986లో జాక్ షిరాక్ ప్రధానిగా వచ్చి జాతీయం చేసిన సంస్థలను ప్రైవేటుపరం చేసినప్పుడు, ఆ మంత్రివర్గంలో పరిశ్రమల మంత్రి అలాఁ మదెలాఁ. అతడు స్వేచ్ఛా విపణి సిద్ధాంతాన్ని మొగమాటం లేకుండా చెప్పినవాడు. 1995లో ఆర్థికమంత్రి అయి మూడు నెలలకే పదవి పోగొట్టుకున్నాడు. 1997లో తన పక్షానికి "లిబరల్ డెమోక్రసీ" అని పేరు పెట్టాడు. 2002లో దేశాధ్యక్ష పదవికి సొంతంగా నిలబడితే నూటికి నాలుగు ఓట్లు కూడా రాలేదు. ఆ ఏడే అతని పక్షం పెద్ద సంప్రదాయవాద పార్టీలో కలిసిపోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. మనిషి స్వేచ్ఛే పరమధర్మమనేవాడు, ఆచారమూ అంతస్తూ పరమధర్మమనేవారి ఇంట్లో ఎందుకు కాపురముంటాడు? ఓట్ల కోసమన్నది మొదటి సమాధానం. మదెలాఁ అనుభవం దాన్ని రుజువు చేస్తుంది. ఒంటరిగా నిలబడితే ఆ సిద్ధాంతానికి జనం లేరు.

కాని రెండవ సమాధానం ఇంకా లోతైనది. విపణి సిద్ధాంతం మారకం గురించి చెబుతుంది. ఇద్దరు మనుషులు తమ తమ వస్తువులతో ఎదురుపడితే, ఇద్దరికీ లాభమైతేనే బేరం కుదురుతుందంటుంది. బాగానే వుంది. అయితే ఒకడు వెయ్యి ఎకరాలతోనూ, ఇంకొకడు రెండు చేతులతోనూ ఆ బేరానికి ఎందుకు వచ్చారో ఆ సిద్ధాంతం చెప్పలేదు. బేరానికి ముందటి సంగతి దాని లెక్కలో లేదు. ఆ ఖాళీని పూరించడానికి తాతలనాటి హక్కు, ధర్మం, దైవం, వంశం కావాలి. కనుక మసానీకి రాజాజీ తోడు ఒక యాదృచ్ఛికం కాదు. ఒకరు బేరాన్ని సమర్థిస్తే ఇంకొకరు బేరానికి ముందున్న పంపకాన్ని సమర్థిస్తారు. ఒకరు లేకుండా ఒకరి వాదం నిలవదు.

న్యాయం కోసం ఒక మాట చెప్పాలి. సంప్రదాయవాదుల ఇంట్లో వున్నా, ఉదారవాదులు ఒక్కొక్కప్పుడు ఆ ఇంటి కిటికీలు తెరిచారు. జిస్కార్ దేశాధ్యక్షుడయ్యాక 1974లో ఓటు వయసు పద్దెనిమిదికి తగ్గింది. 1975లో గర్భస్రావాన్ని నేరం కాకుండా చేసిన చట్టం వచ్చింది. ఆ చట్టానికి సొంత కూటమిలోనే ఎదురు తిరిగినవారున్నారు. స్వేచ్ఛ అనే మాటను పట్టుకున్నవాణ్ని ఆ మాట అప్పుడప్పుడు తాను తలపెట్టని చోటికి కూడా లాక్కుపోతుంది.

4

స్వేచ్ఛావాదులకు ఒప్పందం పవిత్రం. కాని చరిత్రలో ఎవరి ఒప్పందం పవిత్రమైందో చూడాలి.

ఫ్రెంచి విప్లవం నడుస్తున్న రోజుల్లో, 1791 జూన్‌లో, లె షపెలియే చట్టం వచ్చింది. పాత వృత్తిసంఘాలు పోయాయి, ఇకమీదట యజమాని ఒకడు, పనివాడు ఒకడు ఎదురెదురుగా కూర్చుని కూలి మాట్లాడుకోవాలి, నడుమ ఏ కూటమీ వుండరాదని దాని భావం. స్వేచ్ఛ పేరనే పనివారు జట్టు కట్టడాన్ని నిషేధించారు. సమ్మె నేరం కాకుండా పోవడానికి 1864 దాకా, సంఘం పెట్టుకునే హక్కు రావడానికి 1884 దాకా ఆగవలసివచ్చింది. యజమాని ఒక్కడే వున్నా అతని వెనుక మిల్లు వుంది. పనివాడు ఒక్కడైతే అతని వెనుక ఆకలి వుంది. చట్టం ఇద్దరినీ ఒకే తక్కెడలో సమానులుగా తూచింది.

అంత దూరం పోనక్కర లేదు. మన హైదరాబాదు సంస్థానంలో భగేలా పద్ధతి వుండేది. అప్పు తీసుకున్నవాడు, అప్పు తీరేదాకా దొర దగ్గర పనిచేస్తానని ఒప్పుకొని వేలిముద్ర వేస్తాడు. అప్పు తీరదు, తండ్రి బదులు కొడుకు వస్తాడు. అదీ ఒప్పందమే. దాన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే 1936లో ఒక నిబంధన తేవలసివచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశానికంతటికీ 1976లో గాని రాలేదు. ఇలాంటి ఒప్పందాన్ని రద్దుచేసినప్పుడు మనిషి స్వేచ్ఛ తగ్గిందా, పెరిగిందా? ఉదారవాదానికి తండ్రివంటి జాన్ స్టూవర్ట్ మిల్లే 1859లో, తన్ను తాను బానిసగా అమ్ముకునే స్వేచ్ఛ స్వేచ్ఛ కాదని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క ఒప్పుకోలు చాలు. కొన్ని బేరాలు బేరమాడే శక్తినే మింగేస్తాయని దాని అర్థం.

ఇప్పుడు స్వతంత్ర పార్టీవారు పవిత్రమన్న ఒప్పందం ఏదో చూడండి. మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వ ఖజానా నుంచి ఏటేటా ముట్టే రాజభరణాలను రద్దు చేయబోతే, ఇచ్చిన మాట తప్పరాదని ఆ పార్టీ గట్టిగా ఎదిరించింది. చివరికి 1971లో రాజ్యాంగాన్ని సవరించిగాని వాటిని తీసివేయలేకపోయారు. బ్యాంకుల జాతీయకరణపై సుప్రీంకోర్టుకు వెళ్లి 1970 ఫిబ్రవరిలో గెలిచిన ఆర్.సి. కూపరు ఆ పార్టీవాడే. పన్నులు తగ్గించాలి, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలి అని రోజూ చెప్పేవారు మహారాజు భరణం దగ్గరికి వచ్చేసరికి అది ఖర్చు కాదు, బాకీ అన్నారు. సరే, మాట నిలుపుకోవడం మంచి గుణమే. అయితే కౌలుదారుకు చట్టం ఇచ్చిన మాట సంగతేమిటి? 1964లో కౌలు చట్టాలనూ భూసంస్కరణ చట్టాలనూ కోర్టుల దాడి నుంచి కాపాడటానికి పదిహేడవ సవరణ వచ్చినప్పుడు, దాన్ని తీవ్రంగా వ్యతిరేకించినవారు వీరే. రాజుకిచ్చిన మాట వాగ్దానం, కౌలుదారుకిచ్చిన మాట దౌర్జన్యం. ఈ తేడా వారి స్వేచ్ఛా సిద్ధాంతంలోంచి రాలేదు, వెనుక వసారాలోంచి వచ్చింది.

5

ఇంతవరకు మన పని సులువు. ఇక రంగాగారి దగ్గరే కష్టం.

రంగా మహారాజు కాడు, మిల్లు యజమాని కాడు. నిడుబ్రోలు రైతుబిడ్డ. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, సొంత ఊళ్లో రైతులకు రాజకీయ పాఠశాల పెట్టాడు. జమీందారీలకు వ్యతిరేకంగా రైతులను కూడగట్టాడు. అతడు చెప్పిన మాటలో ఒక నిజం వుంది. తన రెండెకరాలను తాను దున్నుకునే మనిషికి ఆ నేల ఆస్తి మాత్రమే కాదు, అది అతని పని, అతని తెలివి, ఊళ్లో అతని మాటకున్న విలువ. దాన్ని ఉమ్మడి క్షేత్రంలో కలిపి అతన్ని హాజరు పట్టీలో ఒక పేరుగా మార్చితే, అతడు ఏదో పోగొట్టుకుంటాడు. సొంత శ్రమ మీద నిలిచిన ఆస్తి వేరు, ఇతరుల శ్రమను పిండుకునే ఆస్తి వేరు, ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ రెంటినీ కలిపివేసి మోసపోతున్నారు అని మార్క్స్ కాపిటల్ మొదటి సంపుటం చివర చెప్పాడు. మనం ఆ తేడాను పుస్తకంలో చదివాం, వేదిక మీద మరిచిపోయాం. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి నూటికి ముప్పైకి పైగా ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. ప్రత్యర్థులంతా ఏకం కావడం ఒక కారణం. కమ్యూనిస్టులు వస్తే చెలక పోతుందన్న భయం చిన్నరైతు గుండెలో పడటం ఇంకొక కారణం. ఆ కూటమిలో రంగాగారి కృషికార్ లోక్ పార్టీ ఒక భాగం. ఆ భయాన్ని శత్రువులు రేపారని మనం చెప్పుకున్నాం. రేపితే రగలడానికి అక్కడ నిప్పు ఎందుకుందో అడగలేదు.

అయితే రంగాగారి పొరపాటు కూడా అదే చోట వుంది. మార్క్స్ విడదీసిన రెంటినీ ఆయన "రైతు" అనే ఒక్క మాటలో మళ్లీ కలిపేశాడు. దున్నేవాడూ రైతే, దున్నించేవాడూ రైతే. కౌలుదారు, పాలేరు, కూలి ఈ మాట కింద కనబడకుండా పోయారు. మా ప్రాంతపు అనుభవం చూడండి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 హైదరాబాదు కౌలు చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కు ఇచ్చింది, తాము దున్నే భూమిని కొనుక్కునే వీలు కూడా కల్పించింది. ఆ తర్వాత కొద్ది ఏండ్లలో ఎంతోమంది కౌలుదార్లు తమ హక్కును "స్వచ్ఛందంగా" వదులుకున్నట్టు కాగితాలు పుట్టాయి. ఎ.ఎమ్. ఖుస్రో హైదరాబాదు భూసంస్కరణలను పరిశీలించి 1958లో వెలువరించిన గ్రంథంలో ఈ స్వచ్ఛంద విసర్జనల ప్రసక్తి వుంది. ఎవరూ తుపాకీ చూపలేదు, సంతకం మనిషిదే, ఇష్టం కాగితం మీద స్పష్టంగానే వుంది. స్వేచ్ఛా ఒప్పంద సిద్ధాంతానికి దీనిలో తప్పు కనబడదు. ఊళ్లో ఆ దొర బావినీళ్లే తాగాలి, ఆ దొర దగ్గరే గింజలు బదులు తేవాలి అన్న సంగతి ఆ కాగితంలో లేదు కదా.

1959లోనే ఇంకొక శాసనం వచ్చింది. స్వతంత్ర పార్టీ పుట్టిన సంవత్సరమే అది రావడం విచిత్రం. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన ప్రకారం గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతికి పోకూడదు. 1970లో దాన్ని ఇంకా బిగించారు. మనం 1/70 అని పిలిచేది దాన్నే. విపణి సూత్రం ప్రకారం ఇది గిరిజనుని స్వేచ్ఛకు సంకెల. తన భూమిని తనకు నచ్చినవానికి అమ్ముకునే హక్కు అతనికి లేదు. కాని ఆ సంకెల లేని చోట ఏం జరిగిందో శ్రీకాకుళం కొండలు చెబుతాయి. ఉప్పుకూ బట్టకూ చేసిన అప్పు కింద భూములు షావుకార్ల పాలైనాయి. 1967లో శ్రీకాకుళం నుంచి రంగాగారు లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే ఏడు అక్టోబరు 31న, అదే జిల్లా మన్యంలో, సభకు పోతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. రైతు స్వేచ్ఛ నినాదం పల్లంలో ఓట్లు గెలిచింది. కొండ మీద పోడు కొట్టుకునేవాడు ఆ నినాదంలోని రైతు కాడు.

6

ఇప్పుడు మా కాక అన్న రెండో మాట చెబుతాను. సర్కారుకేం పని అని అడిగిన తర్వాత, కాసేపు చుట్ట కాల్చుకొని, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు:

"మల్ల ఇంటికి తీస్కపోదామంటే ట్రాక్టరు కిరాయెవడియ్యాలె? పొద్దుగూకింది. సేటుకు ఎరుకే, నేను వాపసు పోలేనని."

ఈ రెండు మాటలూ ఒకే మనిషివి. మొదటిది మసానీ పార్టీ మాట, రెండవది దానికి జవాబు. మా కాక చదువుకోలేదు గాని, స్వేచ్ఛా విపణి సిద్ధాంతమంతా దాచిపెట్టే సంగతిని ఒక్క వాక్యంలో బయటపెట్టాడు. బేరంలో స్వేచ్ఛ వున్నది ఆగగలవానికి. సేటు రేపటిదాకా ఆగగలడు, ఎల్లుండిదాకా ఆగగలడు. పత్తి ఆగలేదు, ట్రాక్టరు ఆగలేదు, విత్తనాలకు తెచ్చిన అప్పు ఆగదు. కాంటా దగ్గర ఎంత తరుగు తీసినా తలూపవలసిందే. ఇద్దరూ ఒప్పుకున్న ధరే అది, కాని ఒకడు కాదనగలిగి ఒప్పుకున్నాడు, ఇంకొకడు కాదనలేక ఒప్పుకున్నాడు. స్వేచ్ఛ అంటే ఎంచుకునే వీలు అని వారు నిర్వచిస్తారు. కాదనే శక్తి లేనివానికి ఎంచుకునే వీలు వుండీ ఏం లాభం?

ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. సంఘం పెట్టుకున్న పనివాడు కూలి తక్కువైతే కాదనగలడు, లె షపెలియే చట్టం తీసేసింది ఆ శక్తినే. రక్షిత కౌలు హక్కు దొర ముందు కాదనే శక్తి. 1/70 షావుకారు ముందు కాదనే శక్తి. వీటిని స్వేచ్ఛకు హద్దులంటే మాటల గారడీ. ఇవి బలవంతుని స్వేచ్ఛకు హద్దులు, బలహీనుని స్వేచ్ఛకు పునాదులు.

2020 సెప్టెంబరులో వచ్చిన వ్యవసాయ చట్టాల కథ కూడా ఇదే. మార్కెట్ యార్డు గోడ దాటి, దేశంలో ఎక్కడైనా ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ రైతుకిస్తున్నామన్నారు. ఆ నవంబరు నుంచి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. అడ్తిదారు తరుగు ఎలా వుంటుందో ఎరగని రైతు ఆ శిబిరాల్లో లేడు. యార్డులో న్యాయం జరుగుతోందని వారు అనలేదు. గోడ పోతే తమకు మిగిలిన కొద్దిపాటి కాదనే శక్తి కూడా పోతుందేమోనన్నదే వారి భయం.

7

ఇక్కడితో ఆపితే వ్యాసం మనకు సుఖంగా ముగుస్తుంది. కాని గీటురాయి ఎదుటివారి బంగారానికే అయితే అది గీటురాయి కాదు.

కాదనే శక్తి లేనివాడు వ్యాపారి గేటు దగ్గరే కాదు, కచేరీ గుమ్మం దగ్గర కూడా నిలబడి వున్నాడు. రాజాజీ "పర్మిట్ లైసెన్సు కోటా రాజ్యం" అని ఎత్తిపొడిచినప్పుడు మనం నవ్వాం. బడాబాబులు లైసెన్సుల కోసం ఏడుస్తున్నారనుకున్నాం. నిజానికి బడాబాబులు ఆ రాజ్యంలో బాగానే బతికారు, లైసెన్సు వారికి పోటీదారులను ఆపే గోడ అయింది. కాగితం పట్టుకొని పూటల తరబడి నిలబడ్డవాడు చిన్నవాడే. ఆ పూట పత్తి తీసుకోమన్నవారు కూడా మా కాకకు ఆరబెట్టుకునే చోటు చూపలేదు, మళ్లీ ఎప్పుడు రమ్మనో చెప్పలేదు. కేంద్రం తలుపు మూసుకుంటే గదా సేటుకు తలుపు తెరుచుకున్నది! ప్రభుత్వం కొంటుందన్న మాట రైతుకు కాదనే శక్తి ఇవ్వాలి. అది ఇవ్వని కొనుగోలు, రైతును సేటు దగ్గరికి తోలే ఇంకొక చెయ్యి మాత్రమే.

ఇంతకంటే బరువైన లెక్క ఒకటి వుంది. సోవియట్ దేశంలో 1929 తర్వాత జరిగిన బలవంతపు సమష్టీకరణలోనూ, దాని వెంట 1932-33లో వచ్చిన కరువులోనూ లక్షలాది రైతులు నశించారు. ఆ రైతుకు కాదనే శక్తి లేకుండా పోయింది. రంగాగారు దాన్ని చూపి భయపెడితే మనం ప్రచారమన్నాం. అది ప్రచారమూ అయింది, నిజమూ అయింది. ఇక్కడ 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు వామపక్షంలో ఒక భాగం దాన్ని సమర్థించింది, తర్వాత తప్పు ఒప్పుకున్నది. ఆ రోజుల్లో, పార్టీ పోయి ఏకాకిగా మిగిలిన మసానీ తన పత్రిక మీద విధించిన సెన్సారును బొంబాయి హైకోర్టులో ఎదిరించి గెలిచాడు. మనం "బూర్జువా స్వేచ్ఛ" అని తేలికగా కొట్టిపారేసినదే జైలు తలుపు దగ్గర మన మిత్రులకు కూడా కావలసివచ్చింది. ఈ సంగతిని మన విద్యార్థులకు మనమే చెప్పాలి. ఇంకొకరు చెబితే వారు మనల్ని నమ్మరు, నమ్మనక్కర కూడా లేదు.

దీనివల్ల విపణివాదుల సిద్ధాంతం గెలిచిందని కాదు. వారి తప్పు రాజ్యాన్ని అనుమానించడంలో లేదు. రాజ్యాన్ని అనుమానించిన కళ్లతోనే సేటునూ దొరనూ మహారాజునూ చూడకపోవడంలో వుంది. మన తప్పు సేటునూ దొరనూ అనుమానించడంలో లేదు. అధికారం మన చేతికో మన మిత్రుల చేతికో వచ్చిందనుకున్న క్షణాన ఆ అనుమానాన్ని పక్కన పెట్టడంలో వుంది. ఈ రెండు తప్పులనూ ఒకేసారి తప్పించుకునే దారి వుందా అంటే, దానికి ఆనవాళ్లు మన దగ్గరే వున్నాయి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, గిరిజన ప్రాంతంలో భూమిని ప్రైవేటు గని కంపెనీలకు ప్రభుత్వం కూడా కౌలుకివ్వరాదని తీర్పు చెప్పింది. షావుకారును ఆపిన నిబంధనే సర్కారును కూడా ఆపింది. గిరిజనుని కాదనే శక్తి ఎదుటివాడు ఎవరన్నదాన్ని బట్టి మారలేదు. మనం కోరవలసిన చట్టం ఇలాంటిది.

8

మా కాకకు నేనివ్వవలసిన జవాబు ఇప్పుడు కొంత రూపు కట్టింది. సర్కారుకేం పని అంటే, నువ్వు పొద్దుగూకినా వాపసు పోగలిగేట్టు చేయడం దాని పని. ఆరబెట్టుకునే కల్లం, దాచుకునే గోదాము, సేటు దగ్గర కాకుండా వేరేచోట దొరికే అప్పు, పదిమంది కలిసి పత్తి అమ్ముకునే సంఘం: ఇవి వున్ననాడు నీ సరుకు నిజంగా నీ ఇష్టం. ఆ సంఘంలో చేరడమూ నీ ఇష్టమే, అందులోంచి బయటికి రావడమూ నీ ఇష్టమే. ఈ చివరి వాక్యాన్ని 1959లో మన పక్షంవారు గట్టిగా చెప్పివుంటే, రంగాగారి సభలకు అంతమంది చిన్నరైతులు పోయేవారు కారేమో.

మన తరగతి గదుల్లో స్వేచ్ఛ గురించి చర్చ వచ్చినప్పుడు, దాన్ని బూర్జువా మాట అని పక్కకు తోసేయడం మాని, మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేద్దాం. ఈ బేరంలో ఎవరు ఆగగలరు? ఎవరు కాదనగలరు? కాదన్నవానికి ఆ రాత్రి ఏమవుతుంది? వీటిని సేటు ముందు అడగాలి, దొర ముందు అడగాలి, తహసీలు కచేరీలో అడగాలి, మన సంఘం ఆఫీసులో కూడా అడగాలి. ఈ ఏడు పత్తి తీసే రోజులు మళ్లీ వస్తున్నాయి. మా కాక ఇప్పటికే ఇద్దరు ముగ్గురు రైతులతో కలిసి ఒకే ట్రాక్టరు మాట్లాడుకుందామా అని ఆలోచిస్తున్నాడు. కిరాయి పంచుకుంటే, వాపసు రావలసి వచ్చినా ఒక్కని మీద పడదట.